పండుకి అందే ఎత్తు

మారతహళ్ళి,
9-3-98

ఏమండీ, అందరం బాగున్నాం, చదివి కంగారు పడకండి.

నిన్న మన అమ్మాయి ఇల్లు తుడిచి, కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకున్న ఫినాయిలు సింకు కింద పెట్టింది. మీ మనవడు పండు మూత తీసి, "తాత జూసు!" అంటూ నోటి దాకా ఎత్తాడు. గబుక్కున లాక్కున్నాను, చుక్క కూడా లోపలికి పోలేదు. పోయినసారి మీరు వాడికి జూసు తాగించింది అలాంటి సీసాతోనే కదా!

ఉగాదికి వస్తున్నాం. మన పొయ్యి కింద కిరసనాయిలూ అలాంటి సీసాలోనే ఉంది. డబ్బాలో పోసి అటక మీద పెట్టండి. మోకాళ్ళ నొప్పి అనకుండా ఒకసారి నేల మీద కూర్చుని ఇల్లంతా చూడండి. నిలబడితే వాడికి అందేవి మనకు కనబడవు.

ఊరగాయ జాడీకి గుడ్డ కట్టారా?

పండు సీసా ఏదని ఇంకా వెతుకుతున్నాడు. వాడికి ఆ సీసా అంటే మీరే.

నమస్కారాలతో,
సొన్నమ్మ