గురక పెట్టే పెట్టె

ఫార్మింగ్టన్ హిల్స్, మార్చి 3

అవని గారికి, రాజారావు వ్రాయునది.

1981లో విశ్వనాథం అనే నా స్నేహితుడు, మా ఆవిడ పాటను చివరిదాకా రికార్డు చేసి ఇస్తానని మాటిచ్చి తప్పాడు. దానికీ మీ కంపెనీ హెడ్‌ఫోన్ పెట్టెకీ సంబంధమేమిటంటారా? తొందరపడేవాళ్లు ఉత్తరాలు చదవకూడదు.

ఆ రోజు డెట్రాయిట్‌లో మా అపార్ట్‌మెంట్. టేప్ రికార్డర్ వాడిది. కృష్ణవేణి పాడుతోంది, నేను కళ్లు మూసుకుని తన్మయంగా వింటున్నాను. మూడో చరణంలో వాడు మైకు జరిపాడో ఏమో, ఆమె గొంతు తగ్గిపోయింది. చరణం మధ్యలో పాటే ఆగిపోయింది. "చెయ్యి తగిలిందిరా" అన్నాడు. వాడితో మాట్లాడి నలభై నాలుగేళ్లయింది. ఆ కోపంలో మళ్లీ రికార్డింగ్ అనే మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు.

కృష్ణవేణి పోయి రెండేళ్లు. ఆమె గొంతు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. మనవరాలు ఇషిత దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అక్కడ అంకెలుగా ఉన్న పాటను చక్కటి శబ్దంగా మార్చి చెవికి అందిస్తుందని మీ పెట్టె కొనిపెట్టింది. పెట్టెతోపాటు "విని, పరీక్షించి పంపినది: అవని" అన్న కార్డు వచ్చింది. పేరు చూసి తెలుగులో రాస్తున్నాను.

మీరు విన్నది నిజమైతే చెప్పండి, ఈ పెట్టె గురక ఎందుకు పెడుతోంది?

ఇట్లు,
రాజారావు

తా.క. మీ మాన్యువల్ రెండుసార్లు చదివాను. ఎత్తుగడ బాగుంది, పాత్రపోషణ లేదు.


నేపర్‌విల్, మార్చి 9

నమస్తే అంకుల్,

ఇంటర్ పరీక్ష తర్వాత తెలుగులో ఉత్తరం రాయడం ఇదే. తప్పులుంటే సారీ.

మీరు వింటున్నది గురక కాదు, 'హమ్' అనే మోత అయ్యుంటుంది. ఇంట్లో వేరే వస్తువుల కరెంటు వల్ల అలా వస్తుంది. ఫ్రిజ్, మైక్రోవేవ్ ప్లగ్‌లు తీసేసి ఒకసారి ట్రై చేయండి.

ఉంటాను అంకుల్,
అవని

తా.క. మాస్టర్స్ అయ్యాక ఈ జాబ్‌లో చేరాను. రోజంతా కూర్చుని పెట్టెలు వినడమే నా పని. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ సాఫ్ట్‌వేర్ అనే చెబుతోంది.


ఫార్మింగ్టన్ హిల్స్, మార్చి 14

అవని గారికి,

ముందుగా, నేను మీకు అంకుల్‌ని కాను. ఫిర్యాదుదారుణ్ణి.

అన్ని ప్లగ్‌లూ తీశాను. గురక పోలేదు. అది ఊపిరి తీస్తోంది, ఒక్క క్షణం ఆగుతోంది, వదులుతోంది. హమ్‌కి ఊపిరితిత్తులుంటాయా? మూడో చరణం ఎత్తుకోగానే మొదలవుతుంది. నా భార్య గొంతు మీద మీ పెట్టె నిద్రపోతోంది. దీన్ని నేను సహించను.

ఇట్లు,
రాజారావు

తా.క. ఫ్రిజ్ ప్లగ్ తిరిగి పెట్టడం మరిచాను. ఇడ్లీపిండి పొంగి కింది అర దాకా కారింది. కోడలు నళిని నాతో మాట్లాడటం మానేసింది. ఇల్లు నిశ్శబ్దమయ్యాక గురక మరింత స్పష్టంగా వినిపించింది.


నేపర్‌విల్, మార్చి 19

ఫిర్యాదుదారు అంకుల్ గారికి,

వేరే పెట్టె పంపుతున్నాను. ఇది నేను మూడుసార్లు విన్నాను, నిద్రపోలేదు. ఎందుకైనా మంచిది, ఆ పాట ఫైల్ ఇషితతో నాకు పంపించండి.

అవని

తా.క. నళిని ఆంటీకి నా తరఫున సారీ చెప్పండి. ఆ పిండితో ఊతప్పం వేసుకోవచ్చు.


ఫార్మింగ్టన్ హిల్స్, మార్చి 26

అవని గారికి,

కొత్త పెట్టె కూడా అదే చోట అదే గురక పెట్టింది. అప్పుడు తెలిసింది. గురక పెట్టెది కాదు, పాటలోదే. ఇన్నాళ్లూ నా పాత టేప్ రికార్డర్ బరబరలో కలిసిపోయింది. మీ పెట్టె దాన్ని విడదీసి చూపించింది.

అంటే విశ్వనాథం నిద్రపోయాడు! చెయ్యి తగలడం కాదు, తూలి మెషీన్ మీద పడి ఉంటాడు. వాడిప్పుడు అల్ఫారెట్టాలో కొడుకు శ్రేయాస్ దగ్గర ఉంటున్నాడట. పదకొండు పేజీల ఉత్తరం రాశాను. అందులో నేను చదివిన ప్రతి భాషలోనూ వాడికి ఒక తిట్టు ఉంది. సోమవారం పోస్టు చేస్తాను.

ఇట్లు,
రాజారావు

తా.క. మీ రెండు పెట్టెలకూ నా క్షమాపణలు. వస్తువులకు చెప్పడం తేలిక.


నేపర్‌విల్, మార్చి 28

అంకుల్,

దయచేసి ఆ ఉత్తరం పోస్టు చేయకండి. ఇది ఓవర్‌నైట్ మెయిల్‌లో పంపుతున్నాను.

మీ ఫైల్ విన్నాను. పాట ఆగగానే మీరు కోపంగా హెడ్‌ఫోన్స్ తీసేస్తారు కదా? ఈసారి తీయకండి. తర్వాత ఇంకో పదిహేను సెకన్లుంది. వాల్యూమ్ పెంచి వినండి. అందులో ఏముందో నేను రాయను. అది నేను చెప్పాల్సింది కాదు.

అవని

తా.క. ఆల్రెడీ పోస్టు చేసేసుంటే, ప్లీజ్, నాకు చెప్పకండి.


ఫార్మింగ్టన్ హిల్స్, ఏప్రిల్ 2

అమ్మా అవనీ,

విన్నాను.

"ఆపేయండి అన్నయ్యా, ఆయన నిద్రపోయారు. పాపం, రెండు షిఫ్టులు చేసొచ్చారు. పాట మధ్యలో నిద్రపోయానని తెలిస్తే బాధపడతారు. మీ చెయ్యి తగిలి ఆగిందని చెప్పండి. నాకు మాటివ్వండి."

"సరేనమ్మా."

ఆ తర్వాత టక్కుమని మీట చప్పుడు.

వాడు మైకు జరపలేదు. నా గురక మొదలవగానే, నేను లేవకుండా ఆమే గొంతు తగ్గించింది. నలభై నాలుగేళ్లుగా నేను రికార్డింగ్ లోపమని తిట్టుకున్నది నన్ను నిద్రపుచ్చిన గొంతును.

విశ్వనాథానికి ఫోన్ చేశాను.

"ఎందుకు చెప్పలేదురా?"

"ఆవిడకి మాటిచ్చానుగా."

"ఆవిడ పోయి రెండేళ్లయింది కదరా!"

"మాట పోలేదుగా."

శనివారం వస్తున్నాడు. మీ పెట్టెకి రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చని మాన్యువల్ ఏడో పేజీలో ఉంది. పాత్రపోషణ లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆశీస్సులతో,
మీ అంకుల్

తా.క. పదకొండు పేజీలూ చించేశాను. కానీ ఒక్క మాట. ఆ మర్నాడే "గురక పెట్టింది నువ్వేరా" అని నా మొహం మీద అనుంటే, సిగ్గుపడి ఆమెచేత మళ్లీ పాడించుకునేవాణ్ణి. మూడో చరణం నాకు దక్కేది. కాబట్టి తప్పు ఇప్పటికీ వాడిదే. అప్పుడు నాకిచ్చిన మాట తప్పాడని, ఇప్పుడు ఆమెకిచ్చిన మాట తప్పలేదని. విశ్వనాథానిదే.