పాట అయిపోయాక వికాస్ వాయించింది

మిస్సిసాగా

చిరంజీవి మృదులకి, వికాస్ వాళ్ళమ్మ కనకదుర్గ దీవెనలు.

ఫోనులో మాట్లాడితే ఏడుపొస్తుంది, అందుకని రాస్తున్నాను. కాలేజీలో నువ్వు పాడితే మావాడు పియానో వాయించిన ఆ స్కాట్లాండు పాట పంపావు కదా, నూరుసార్లు విన్నాను. వాయిద్యం పాట వెంట నడవాలి కదమ్మా. నువ్వొక దారి, వాడొక దారి. వాడు పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకం నాడు అందరికీ వినిపించాలి. హార్మోనియం నేర్చిన మా ఆడపడుచు విశాలాక్షి, వాడికి వాయించడం రాలేదంటోంది. కాస్త సరిచేసి పంపు.

కనకదుర్గ

తా.క. తప్పు నీ పాటలో ఉన్నా నేనేమీ అనుకోను.

సస్కటూన్

ఆంటీ గారికి నమస్కారం.

ఎవరి తప్పూ లేదండీ. అది అక్కడి పల్లెల్లో పాడుకునే పాత పాట. తర్వాత ఒకాయన దానికి పియానో వాయింపు రాశాడు. సముద్రం మీదికెళ్ళిన మొగుడి కోసం నేను పాడుతుంటే, వికాస్ కింద అలలు వాయిస్తాడు. పాట వెంట రాకూడదు, అదే పద్ధతి.

మృదుల

తా.క. నేను శ్రుతిలోనే పాడాను.

మిస్సిసాగా

మృదులకి,

అలలని చెప్పాను. ఇంతకీ ఆ మొగుడు ఒడ్డెక్కాడా అని అడిగింది విశాలాక్షి. నాకు కాలు నిలవడం లేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మంచులోకి తిరుగుతున్నాను. నీ పాట అవగానే వాడి వాయింపు కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఏం కోశావు? నా కొడుకు వాయించింది కోయడానికి నువ్వెవరు?

కనకదుర్గ

తా.క. కోపం నీ ఒక్కదాని మీదే. గోంగూర పచ్చడి పంపాను, అది మాత్రం మీ బేస్‌మెంట్‌లో ఉండే ఆరుగురికీ.

సస్కటూన్

ఆంటీ గారికి,

కోసిన మాట నిజమే. పాట అయ్యాక కాగితంలో లేనిదేదో సొంతంగా వాయించాడు. మధ్యలో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ అందుకున్నాడు. ప్రొఫెసర్ మార్కులు తగ్గించారు. ఏంటిదని అడిగితే, మా అమ్మకి తెలుసు అని నవ్వాడు. నలుగురూ నవ్వుతారని కోశాను. ఆ ముక్క మీ ఫోనుకి పంపాను. మీరొక్కరే వినండి, క్షమించండి.

మృదుల

తా.క. షిఫ్టు నుంచి వచ్చేసరికి పచ్చడి సీసా ఖాళీ. నాకు కోపమే మిగిలింది.

మిస్సిసాగా

చిట్టితల్లి మృదులకి,

ఒక్కదాన్నే వినలేదు. సంవత్సరీకం నాడు మొదటి నుంచి చివరిదాకా అందరికీ వినిపించాను. అది నేను పొయ్యి దగ్గర తీసే కూనిరాగమమ్మా. పేరూ లేదు, మాటలూ లేవు. చిన్నప్పుడు పీటేసుకుని కూర్చుని వినేవాడు. విశాలాక్షి ఇంకోసారి పెట్టమంది. ఇవాళ కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నీకు వేరే సీసా పంపాను, దాచుకుని తిను.

కనకదుర్గ

తా.క. మీ ప్రొఫెసర్ గారికి చెప్పు, వాడు మధ్యలో ఆగింది మరిచిపోయి కాదు. అక్కడ నేను అట్టు తిరగేస్తాను.