తిన్నని గీతల బల్ల

జపాన్‌లోని మియాజాకిలో ఉంటూ విశ్వవిద్యాలయంలో భూమి కొలతల పాఠాలు చెప్పే హిదకా చిజురు అనే నేను, నలభై ఏడేళ్ళ వయసులో, వచ్చే మంగళవారం గుండె ఆపరేషనుకు వెళ్ళబోతూ, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిమితంగానే ఉంది. అన్నిటినీ అనుమానించడం దాని పుట్టుగుణం, జబ్బు కాదు.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ మా అమ్మ ఫుమియెకు.

2. పుస్తకాలు గ్రంథాలయానికి. వాళ్ళు వద్దంటే ఎవరికైనా.

3. నల్ల రాళ్ళూ తెల్ల రాళ్ళూ పెట్టి ఆడే గో ఆట గళ్ళ బల్ల, దాన్ని కయ చెట్టు చెక్కతో చేసిన నాసు తోకుజీ గారికి. దానితోపాటు నా క్షమాపణ. ఆరేళ్ళ కిందట ఒక వసంతపు మధ్యాహ్నం, ఆ బల్ల మీది గీతలు అమ్మకు నీళ్ళలో గడ్డిపోచల్లా ఊగుతూ కనిపించాయి. చెక్క వంగిందనుకున్నాం. మోసుకెళ్ళి ఆయన ముందు పెట్టాం. "గీతలు తిన్నగానే ఉన్నాయక్కా" అన్నారాయన. "ముసలితనం నీ కళ్ళకొచ్చిందిరా తోకుజీ, ఆ పని మానెయ్!" అంది అమ్మ. ఆయన బల్లను చిత్రిక పట్టి, కత్తి అంచుకు లక్క అద్ది కొత్త గీతలు గీశారు. అవీ అమ్మకు ఊగాయి. ఏడాదిపాటు ఆయన పనితనాన్ని ఊరంతా ఆడిపోసుకున్నాం. కొండలు కొలిచే నేను ఒక్కసారైనా స్కేలు పెట్టి చూడలేదు. ఆ ఏడాదిలోనే అమ్మ కుడికంటి చూపు నడిమధ్య ఆరిపోయింది.

4. అమ్మ ఎడమకన్ను. ఇది ఆస్తి కాదని తెలుసు. అయినా వదిలి వెళ్ళేవాటిలో నా బెంగంతా దీని మీదే. వయసుతో వచ్చే మాక్యులర్ డీజనరేషన్ అని డాక్టరమ్మ చెప్పింది. కంటి వెనక తెర నడుమ, ముఖాలనూ అక్షరాలనూ పట్టే చోట, అక్కర్లేని రక్తనాళాలు మొలిచి కారతాయట; తిన్నని గీతలు ఊగినట్టు కనబడేది అందుకేనట. పోయిన చూపు రాదు. ఉన్నది నిలవాలంటే ఎనిమిది వారాలకోసారి ఆ కంట్లో సూదిమందు. నేను లేకపోతే అమ్మ మానేస్తుంది. "చాల్లేవే, చూడాల్సినవన్నీ చూసేశాను" అంటుంది. అందుచేత ఈ వీలునామా అమలు బాధ్యతనూ, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళే పనినీ తోకుజీ గారికే అప్పగిస్తున్నాను. అడగడానికి సిగ్గేసింది. "నన్ను తిట్టడానికైనా నేను కనబడాలి కదమ్మా మీ అమ్మకి, తీసుకెళ్తాలే" అన్నారాయన.

5. అమ్మా, ఇది నీకు. ఎడమకన్ను కూడా ఒకనాడు అలిగితే, అన్నిటి నడుమా పొగమంచే ఉంటుంది, అంచులు మాత్రం మిగులుతాయి. నా ఫోటో ముందు అగరొత్తి వెలిగించినప్పుడు నేరుగా నాకేసి చూడకు. పక్కనున్న పూలకేసి చూడు. చూపు అంచుకు నేను వస్తాను. వస్తాననే అనుకుంటున్నాను.

2023 నవంబరు 9

సంతకం, ముద్ర: హిదకా చిజురు

సాక్షులు: ఎదురింటి కవాగొయె మినె, సహోద్యోగి ఇవకిరి తదాషి