బెనీతా పీపా

వల్యదొలీద్
8 ఫిబ్రవరి 1999

ప్రియమైన ఫెలీసాకి,

ముప్పై ఎనిమిదేళ్ళుగా క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలతో సరిపెట్టుకుంటున్నాం. ఈసారి పెద్ద ఉత్తరం. కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు.

మా ఆయన పోయి రెండేళ్ళయింది. నాకు సాన్ తెల్మోకి తిరిగి వచ్చేయాలని ఉంది. చూసి పోవడానికి కాదు, ఉండిపోవడానికి. ఇక్కడ అన్నీ ఉన్నాయి, సముద్రం తప్ప. పడవలొచ్చాయని సైరన్ మోగగానే కాఫీ సగంలో వదిలేసి కార్ఖానాకి పరుగెత్తడం, చలికి ఎర్రబడ్డ వేళ్ళతో నెత్తళ్ళ తలలు తుంచడం, నువ్వు పాడే కొంటె పాటలకి మేస్త్రీ చెవులు మూసుకోవడం... అన్నీ నిన్నటిలా ఉన్నాయి.

ఒక్క సంగతి నిజం చెప్పు. ఆ పీపా ఊళ్ళో ఎవరికైనా గుర్తుందా? నేను నెత్తళ్ళు పేర్చి, ఉప్పేసి, నా పేరు చీటీ కట్టిన పీపా. చలికాలంలో మూత తీస్తే ముక్కులు పగిలే కంపు. కార్ఖానా యజమాని దొన్ అనిసేతో అందరి ముందూ "ఈ పిల్ల చేతిలోనే విషం ఉంది" అన్నాడు. తర్వాత ఏ కార్ఖానా గడపా నన్ను తొక్కనివ్వలేదు. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలియదు. నిద్ర పట్టనప్పుడు వరస వరసా మళ్ళీ పేర్చుకుంటాను. ఉప్పు తక్కువ వేశానా?

నీ జవాబు కోసం చూసే
బెనీతా


సాన్ తెల్మో
20 ఫిబ్రవరి

నా బంగారు బెనీకి,

వచ్చేయ్! అడగడం కూడానా? మా వీధి చివర మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. కిటికీ తీస్తే రేవు. ఇంటి యజమాని చెవిటివాడు, నీ గురకతో ఇబ్బంది లేదు.

నేనిప్పుడు కార్ఖానాలో మేస్త్రీని, నమ్ముతావా? ఇప్పుడు చెవులు మూసుకునేది నేనే. నా వేళ్ళు వంకర తిరిగాయి, పీపా పేర్చలేను. మన బల్ల దగ్గరుండే మిలాగ్రోస్ ఇంకా పనిలోనే ఉంది, ఇంకా అందరినీ తిడుతూనే ఉంది. నీలా పేర్చేవాళ్ళు ఇక్కడెవరూ లేరు.

పీపా సంగతా? ఎవరికి గుర్తుంటుందే! దొన్ అనిసేతో పోయి ఇరవై ఏళ్ళు. ఆలోచించకుండా పెట్టె సర్దుకో.

ముద్దులతో
ఫెలీసా


వల్యదొలీద్
15 మార్చి

ప్రియమైన ఫెలీసాకి,

పెట్టె సర్దాను. మళ్ళీ విప్పేశాను.

మొన్న బజారులో చేపలమ్మే కొత్త పిల్ల కనిపించింది. మాట యాస వినగానే నా గుండె గంతేసింది. "ఏ ఊరమ్మా?" అన్నాను. "సాన్ తెల్మో" అంది. ఇంకేం, అక్కడే నిలబడిపోయాను. ఇంతలో ఎవరో పాడైన చేపల డబ్బా ఒకటి వెనక్కి తెచ్చిచ్చారు. ఆ పిల్ల మూత తీసి వాసన చూసి, "అబ్బో, ఇది బెనీతా పీపా!" అని నవ్వింది.

"ఎవరా బెనీతా?" అన్నాను.

"ఏమోనండీ. మా ఊళ్ళో ఏది చెడినా అలాగే అంటాం. పాలు విరిగినా, పెళ్ళి చెడినా."

ఆ పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయి. నేను ఊరొదిలినప్పటికి వాళ్ళమ్మే పసిపిల్ల అయి ఉంటుంది. ఎవరికీ గుర్తులేదన్నావు. నన్ను రప్పించాలని అబద్ధమాడావు, కోపం లేదు. కానీ నేను రాను, ఫెలీసా. నా పేరు విని జనం ముక్కు మూసుకునే ఊళ్ళో రొట్టె ఎలా కొనుక్కోను?

బెనీతా


సాన్ తెల్మో
2 ఏప్రిల్

బెనీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇదీ చింపేసేలోపే రాసేస్తున్నాను.

ఉప్పు తక్కువ కాలేదు. నీ తప్పేం లేదు.

ఆ ఏడు సాన్ పేద్రో పండగనాడు ఇసుకలో భోజనాలు పెట్టుకున్నాం కదా. గాలికి దుప్పటి ఎగిరిపోతోంది. నేను కార్ఖానాకి పరుగెత్తి, తలుపు పక్కనున్న పీపా మీంచి బరువు రాయి ఎత్తుకొచ్చాను. అది నీ పీపా. సాయంత్రం తిరిగి పెట్టేద్దామనుకున్నాను. తర్వాత ఆట, పాట. మర్చిపోయాను. మూడు వారాలకి గుర్తొచ్చి, రాయి తెచ్చి మళ్ళీ మీద పెట్టి, ఏమీ కాదులే అనుకున్నాను. బరువు లేకపోతే చేప ఉప్పునీటిలో మునగదని, పైకి తేలి గాలి తగిలి కుళ్ళుతుందని నాకు తెలియనిది కాదు.

మూత తీసినరోజు నేను నీ పక్కనే ఉన్నాను. మా అమ్మ కూడా అదే బల్ల దగ్గర పనిచేసేది. నోరు తెరిస్తే ఇద్దరినీ వెళ్ళగొడతారని భయం. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటుండగానే నువ్వు బస్సెక్కేశావు. మా అమ్మ పోయాక కూడా చెప్పలేదు. దానికి కారణం లేదు. వెతికాను, దొరకలేదు.

ఏమన్నా పడతాను. జవాబు మాత్రం రాయి, ఏదో ఒకటి.

ఫెలీసా


సాన్ తెల్మో, రేవు పక్క సత్రం
12 మే

ఫెలీసాకి,

వచ్చి మూడు రోజులయింది. నీ ఇంటి ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. కిటికీలో దుప్పట్లు దులుపుతున్నావు. లావయ్యావు.

నీ ఉత్తరాన్ని ముక్కలు చేశాను. మర్నాడు ఆ ముక్కలే అతికించి మళ్ళీ చదివాను. ముప్పై ఎనిమిదేళ్ళు నా చేతుల్ని నేనే అనుమానించాను, ఫెలీసా. ఇంట్లో ఒక్క జాడీడు ఉప్పు చేపలు కూడా పెట్టుకోలేదు. నిన్న తీరం వెంట నడిచాను. అలల చప్పుడు వింటుంటే ఏడుపు రాలేదు, ఆకలేసింది. ఉండిపోవాలని అప్పుడే తెలిసింది.

నా చెవిలో క్షమించమంటే సరిపోదు. నా పేరు చెడింది ఊరి నోట్లో. అక్కడే బాగుపడాలి. రేపు ఎనిమిదింటికి కార్ఖానాకి వస్తాను. అందరూ బల్లల దగ్గర ఉండగా చెప్పు. చెప్తే మేడ మీది గదులు తీసుకుంటాను. చెప్పకపోతే పదింటికి బస్సుంది.

బెనీతా


సాన్ తెల్మో
12 మే, సాయంత్రం

బెనీ,

సత్రం పిల్ల నీ ఉత్తరం తెచ్చేసరికి పదకొండయింది. రేపటిదాకా ఆగితే మళ్ళీ ముప్పై ఎనిమిదేళ్ళు ఆగుతానని భయమేసింది. తిన్నగా రొట్టెల కొట్టుకి వెళ్ళాను. "ఎవరు చివర?" అని అడిగి వరసలో నిలబడి, అక్కడే మొత్తం చెప్పేశాను.

ముసలి దొన్యా పూరా కర్ర ఎత్తి, "ఇన్నేళ్ళూ ఆ పిల్ల పేరు చెప్పి నవ్వానా నేను? పాపం మూట కట్టించావు కదే నాతో!" అంది. రొట్టెలావిడ నా రొట్టె బల్ల మీద పడేసి, నా తల మీంచి చూస్తూ "తర్వాతెవరు?" అంది.

అక్కణ్ణుంచి కార్ఖానాకి. బల్లల మధ్య నిలబడి రెండోసారి చెప్పాను. ఒక్కరూ కత్తి ఆపలేదు. మిలాగ్రోస్ మాత్రం, "నువ్వు మేస్త్రీవి కాబట్టి తిట్టలేను. అందుకే ఇంకేమీ మాట్లాడను" అంది. అప్పట్నుంచి అన్నట్టే ఉంది. చీకటి పడేలోపు చేపల వేలం దగ్గరా చెప్పాను. మా ఆయన కూడా వంటింట్లో మూతి ముడుచుకు కూర్చున్నాడు.

నీ పేరు విని జనం ముక్కు మూసుకుంటారని భయపడ్డావు కదా. ఊరంతా నీ గురించే మాట్లాడుతోంది, నీ గదులకి దుప్పట్లు, గిన్నెలు పోగేస్తోంది. నాతోనే ఎవరూ మాట్లాడటం లేదు.

రేపు ఎనిమిదింటికి రా. ఏదో ఒకటి అను. తిట్టినా సరే.

ఫెలీసా