తాగని డ్రైవరు మోసెల్ యాత్ర

సెప్టెంబరు 28, 1984. శుక్రవారం. ఫహాహీల్, కువైట్.

ఆరేళ్ళ రెండు నెలలుగా ఒక్క చుక్క ముట్టలేదు. నేను కువైట్ వచ్చి కూడా ఆరేళ్ళ రెండు నెలలే. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను. అదంతా నా మనోనిబ్బరం.

వెబర్ సారు దగ్గర డ్రైవర్ని. జర్మనీ ఇంజనీరు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పని. సెలవుకి వాళ్ళ దేశం వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. మోసెల్ అని ఒక నది ఉందట. చలి ప్రాంతం. నదికి రెండు పక్కలా కొండలు, కొండల నిండా ద్రాక్షతోటలు. సారూ మేడమూ తోట తోటకీ తిరిగి వైన్ రుచి చూస్తారట. రుచి చూశాక కారు నడపకూడదు. అందుకని తాగని డ్రైవరు కావాలి.

"నాకు తెలిసినవాళ్ళలో తాగనివాడివి నువ్వొక్కడివే, రత్నం," అన్నాడు సారు.

మందు నిషేధమైన కువైట్‌లో ఇదేం పెద్ద పోటీ కాదు. అయినా గర్వంగానే ఉంది.

ఇక్కడ నాకు పూచీగా ఉన్న అరబ్బు, కఫీల్, సంతకం అయింది. వీసా వచ్చింది. మా ఆవిడ సారమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. తాగనని ఒట్టు వేయబోతే ఆపింది. "కొత్త ఒట్లు ఎందుకండీ. మా తమ్ముడి కాలు మీద వేసింది అలాగే ఉంది కదా," అంది.

తమ్ముడంటే యెహోషువ. డెబ్బై ఎనిమిదిలో నరసాపురం దగ్గర తాగి జీపు నడిపి కాలవలో దింపాను. నాకు గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న అతనికి కుడికాలు పోయింది.

తీర్మానం: 
వైన్ ముట్టను. 
వాసన కూడా చూడను. 
చలేస్తే టీ.

అక్టోబరు 1. సోమవారం. మోసెల్.

చలి. రెండు స్వెట్టర్లు, పైన సారు పాత కోటు. మనిషి నిలబడితే జారిపోయేంత వాలున్న కొండ. ఆ వాలులోనే వరసకట్టి తీగలు. నేలంతా నల్ల పలకరాయి, బళ్ళో మేం రాసుకున్న పలకలాంటిదే. జనం వీపున బుట్టలు కట్టుకుని మేకల్లా ఎక్కి కాయ కోస్తున్నారు.

టీ అడిగాను. పుదీనా నీళ్ళు ఇచ్చారు.

తీర్మానం భేషుగ్గా ఉంది. ఎవరూ ఏమీ ఇవ్వలేదు కాబట్టి.

అక్టోబరు 2. మంగళవారం.

మూడు తోటలు. రెండింట్లో కార్లోనే కూర్చున్నాను.

మూడోది లెంజ్ అనే ముసలామెది, కొండ మీద. చలికి నా పళ్ళు కొట్టుకోవడం చూసి లోపలికి లాక్కెళ్ళింది. నేలమాళిగ. పీపాలు. సారు గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పుక్కిలించి, బాల్చీలోకి ఉమ్మేశాడు. మేడమూ అంతే. ముసలామె ముత్తాతల కాలంనుంచి కష్టపడి చేస్తున్నది వీళ్ళు ఉమ్మడానికి ఇంత దూరం వచ్చారు.

ముసలామె నా ముక్కు కింద ఒక గ్లాసు పెట్టింది. ముసలివాళ్ళని కాదనకూడదు.

"పెట్రోలు వాసన వస్తోంది సారూ," అన్నాను.

తిట్టాననుకున్నాను. సారు అది జర్మన్‌లో చెప్పగానే ఆమె నా భుజం తట్టింది. ఈ రకం ద్రాక్ష వైన్ ఏళ్ళు మాగితే ఆ వాసనే వస్తుందట. అది పట్టుకోవడం తనకి రెండేళ్ళు పట్టిందని సారు అన్నాడు. నాకు రెండు నిమిషాలు. మిగతా జీవితమంతా పెట్రోలు బంకుల్లో గడిపానన్న సంగతి చెప్పలేదు.

రెండో నియమంలో సవరణ: వాసన చూడ్డం వృత్తిలో భాగం.

అక్టోబరు 3. బుధవారం.

ఉమ్మేస్తే తాగినట్టు కాదు. వైద్యశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. (సారమ్మని అడగలేదు.)

తొమ్మిది రకాలు. తొమ్మిదీ ఉమ్మేశాను. ఏది పాతదో ఏది కొత్తదో ఏడు సార్లు సరిగ్గా చెప్పాను. మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆరేళ్ళలో నా డ్రైవింగుకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అక్టోబరు 4. గురువారం.

ఉదయం 11:20. ఆరో గ్లాసు దగ్గర దగ్గు వచ్చింది. మింగేశాను. ప్రమాదవశాత్తూ.

11:30. ఏడో గ్లాసు దగ్గరా దగ్గే. చలి దేశం కదా.

మధ్యాహ్నం కారు బాగానే నడిపాను. బాగానే అంటే, బాగానే.

అక్టోబరు 6. శనివారం.

మళ్ళీ లెంజ్ గారి కొండ. ఇవాళ వైన్ లేదు, కొత్త రసం ఉందంది. ఇంకా పులుస్తూనే ఉన్న రసం. తెల్లగా, మబ్బుగా, పైన నురగ. తోడుగా ఉల్లిపాయల రొట్టె. నోట్లో పోసుకున్నాను.

తాటికల్లు. పొద్దున్నే దింపిన కల్లు ఎలా ఉంటుందో అచ్చం అదే. తీపి, చిన్న పులుపు, ముక్కులోకి తన్నే గాలి. కల్లు ఎవరైనా ఉమ్ముతారా?

పైగా నేను మానేస్తానన్నది వైన్. కల్లు సంగతి తీర్మానంలో లేదు. కావాలంటే ఈ డైరీలోనే చూసుకోవచ్చు.

నాలుగు గ్లాసులు. ఐదు కావచ్చు.

4:10. "యల్లా, పోదాం పద రత్నం," అన్నాడు సారు. బయట వాన. కారు ఎక్కి తాళం పెట్టాను. ముందర దారి కొండ చుట్టూ మెలికలు తిరిగి కిందికి పోతోంది. కింద నది. వెనక సీట్లో వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు. నా పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీ సీటు వైపు చూడలేకపోయాను.

తాళం తీసి వెనక్కి చాపాను.

"నేను నడపలేను సారూ. తాగాను."

"ఉమ్మేశావు కదా?"

"లేదు సారూ."

"ఎన్ని?"

"నాలుగు. ఐదు కావచ్చు."

నవ్వు ఆగిపోయింది. ఆ రసం సారూ మేడమూ కూడా తాగారు, వాళ్ళూ నడపలేరు, శనివారం సాయంత్రం ఆ కొండ మీదికి బస్సు రాదు. తొమ్మిది కిలోమీటర్లు వానలో నడిచాం. మేడమ్ చెప్పు మడమ సగం దారిలో ఊడింది. చలేసింది. టీ గుర్తు రాలేదు.

అక్టోబరు 7. ఆదివారం.

"ఇంతకుముందు కూడానా?" అని అడిగాడు సారు.

అబద్ధం తయారుగానే ఉంది. కానీ గురువారం దగ్గుల గురించి చెప్పేశాను. "గురువారం నా భార్య నీ వెనకాలే కూర్చుంది," అన్నాడు. అంతే.

మిగిలిన రోజులు మేడమ్ నడుపుతుంది. ఆమెకి ఆపిల్ రసం. నాకు వెనక సీటు, ముదీర్‌లాగా, పెద్ద మేనేజరులాగా. అద్దంలో ఆమె నన్ను చూస్తోంది. నేను తోటలు చూస్తున్నాను. అందమైన తోటలు.

అక్టోబరు 12. శుక్రవారం. ఫహాహీల్.

ఎయిర్‌పోర్టులో సారు కారు తాళం నా చేతిలో పెట్టాడు. "రేపు ఎనిమిదికి రా. ఇక్కడ నిన్ను నమ్మొచ్చు." ఉద్యోగం ఉంది. 'ఇక్కడ' అన్న మాట మాత్రం ఇంటిదాకా గుచ్చుతూనే వచ్చింది.

సారమ్మ అన్నం వడ్డించింది. రెండు ముద్దలు తిని మొత్తం చెప్పాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"తాళం మీరే ఇచ్చారా, ఆయన లాక్కున్నాడా?"

"నేనే ఇచ్చాను."

"మరి గురువారం ఎందుకివ్వలేదు?"

అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆమె పులుసు వేసింది. "ఆరేళ్ళుగా మానేశారని యెహోషువకి ఉత్తరాల్లో గొప్పగా రాశానండీ," అంది. "ఇక్కడ తాగకపోవడం మీ గొప్ప కాదు. సర్కారు గొప్ప."

కళ్ళు తుడుచుకుంది. నాకు తిట్లే నయమనిపించింది.

"ఇప్పుడేం రాస్తావు?" అన్నాను.

"నేను రాయను. మీరే రాయండి."

భోజనం అయ్యాక రాశాను. నాలుగు వాక్యాలు. నాలుగు గంటలు పట్టింది.

అక్టోబరు 13. శనివారం. ఫహాహీల్.

ఎనిమిదికి డ్యూటీ. మేడమ్ గుడ్ మార్నింగ్ చెప్పలేదు. న్యాయమే.

సాయంత్రం మెట్ల దగ్గర కింద ఫ్లాట్ మెకానిక్ సువార్తరాజు కలిశాడు. జర్మనీ కబుర్లు చెప్పమని లోపలికి పిలిచాడు. స్నానాల గదిలో బకెట్టు, మూత, దాని మీద ఇటుక. ఎండుద్రాక్ష, ఈస్టు, పంచదార. మూడేళ్ళుగా దొంగ వైన్ చేస్తున్నాడట, మా గది కిందే. నాకు తెలీనే తెలీదు. దొరకని దేశంలో ఉన్నానన్న ధీమాతో ఎవరినీ అడగలేదు.

"అన్నా, చిన్న గ్లాసు," అన్నాడు.

"వద్దు తమ్ముడూ."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. తాగితే ఆపలేను."

ఈ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. అతను గ్లాసు కింద పెట్టి టీ పెట్టాడు. ఘోరమైన టీ. పూర్తిగా తాగాను.

పైకొచ్చి సారమ్మకి చెప్పాను. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతూ నా చొక్కాలు కూడా మడతపెట్టింది. నిన్న పెట్టలేదు.

కొత్త తీర్మానం: 
వైన్, కల్లు, బకెట్టు, ఇంకా పేరు పెట్టనివన్నీ. వాసనతో సహా. దగ్గుతో సహా.

ఆరేళ్ళ లెక్క కొట్టేశాను. సాయంత్రం 6:15. నా అంతట నేను వద్దన్నది ఇవాళే: ఒక రోజు, ఇంకా పూర్తి కాలేదు.