పాస్టరుగారి మోకాళ్ళ నొప్పి దాకా

ఏవండీ,

చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్తున్నాను, ఏడింటికల్లా వచ్చేస్తాను. టీచరుగారి జాకెట్టుకి హుక్కులు కుట్టేశాను, ఇస్త్రీ చేసి ఇచ్చెయ్యండి. కూర అయిపోయింది, అన్నం మాత్రం మీరు వండండి.

ఇంకో మాట. మన పాప పిచ్చుకమ్మని సమాధి చేసి వచ్చిన రోజు నుంచి మీరు భోజనం ముందు ప్రార్థన మానేశారు. దేవుడి మీద కోపముంటే ఆయనతోనే పోట్లాడండి. నేనూ రోజూ పోట్లాడుతూనే ఉన్నాను. మాట్లాడటం మాత్రం మానకండి.

మీ ప్రార్థన ఊళ్ళో అందరి కష్టాలూ చుట్టి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. ఆరేళ్ళ పిల్ల, ఆకలికి ఆగేది కాదు. మీరు పాస్టరుగారి మోకాళ్ళ నొప్పి దాకా రాగానే గట్టిగా "ఆమెన్" అనేసి ముద్ద నోట్లో పెట్టుకునేది. మీరు ఒక కన్ను తెరిచి చూసి నవ్వు ఆపుకునేవారు. నేను కసిరేదాన్ని. ఎందుకు కసిరేదాన్నో ఏమో.

ఈ రాత్రి ప్రార్థన మీరే చెయ్యండి.

మొత్తం చెయ్యలేకపోతే మోకాళ్ళ నొప్పి దాకా రండి, చాలు. అక్కడ ఆమెన్ నేనంటాను.