అవ్వ పేరు, అక్క బిడ్డ పేరు

ఆదివారం, రఘునాథపల్లి

ఇయ్యాల అక్క బిడ్డకు ఇరవై ఒకటో రోజు. నాయిన తన తల్లి, మా అవ్వ పేరు పెడదామని అనంగనే అక్క మొహం ముడిచింది. "రుక్మిణా? గంత పాత పేరు నా బిడ్డకొద్దు నాయినా. రుచిత అని ఎప్పుడో అనుకున్నం." అవ్వ మాత్రం "మంచిగున్నది, గదే పెట్టుకో బిడ్డా" అంటూ కొంగు సర్దుకున్నది. బాధైతేనే అట్ల సర్దుకుంటది, నాకు తెలుసు.

నాకు ఊకుండబుద్ధి కాలేదు. కాలేజీల కొన్న సంస్కృత నిఘంటువు తీసిన. రుక్మిణి వెనుక రుక్మం, అంటే బంగారం. దాని వెనుక 'రుచ్' అనే ధాతువు, అంటే మెరవడం. రుచిత కోసం వెతికితే అదీ ఆ ధాతువు దగ్గరికే పోయి ఆగింది. అక్క వద్దన్న పేరూ, ముచ్చటపడ్డ పేరూ ఒక్క వెలుగు నుంచే వచ్చినయి. ఎన్ని వేల ఏండ్లు నడిచి మా ఇంటికొచ్చిందో ఆ వెలుగు!

ఉరికి పోయి అందరికీ చెప్పిన. అవ్వ పసిదాని నుదురు తడుముకుంట, "ఎండల నాట్లేసి నల్లబడ్డదాన్ని, నా పేర్ల గింత ఎలుగున్నదా?" అన్నది.

అమ్మ ఈ ఇంటి కోడలై ముప్పై ఏండ్లు. అత్త పేరు ఒక్కసారీ పలకలేదు. పేరు రుచిత అనే పెట్టిన్రు గానీ, సాయంత్రం నుంచి అమ్మ మనుమరాలిని రుచిత అనకుండ చిన్నీ అని పిలుస్తున్నది. ఏందమ్మా అంటే గుసగుసగా కసిరింది:

"రెండు పేర్లూ ఒక్కటేనని నువ్వే చెప్తివి కదనే. అత్త పేరు నోట్లకెళ్లి ఎట్ల తీయాలె?"